చేదర్థకం చెప్పే చరిత్ర: తెలుగు, ఫిన్నిష్ భాషల పోలికపై ఒక పరిశీలన

1856లో రాబర్ట్ కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణాన్ని ప్రచురించాడు. ఆ గ్రంథం రెండు ప్రతిపాదనలను పండితుల ముందుంచింది. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, తుళు మొదలైన భాషలు సంస్కృతం నుంచి పుట్టినవి కావనీ, వాటిది వేరొక కుటుంబమనీ మొదటి ప్రతిపాదన. ఆ కుటుంబానికి బయటి బంధువులను వెతకాలంటే ఆనాడు 'సిథియన్' అని పిలిచిన భాషల్లో, ముఖ్యంగా ఫిన్నిష్, ఉగ్రిక్ శాఖలో వెతకాలని రెండవది. మొదటి ప్రతిపాదన నేడు పాఠ్యపుస్తకాల్లో చేరిపోయిన సత్యం. రెండవది మాత్రం నూట అరవై ఏళ్ళకు పైగా ఎవరో ఒకరు మళ్ళీ పైకి తీస్తున్నా, ఎవరూ స్థిరపరచలేకపోయిన ఊహ.

ఈ వ్యాసం ఆ రెండవ ప్రతిపాదనను ఒక చిన్న గీటురాయి మీద గీసి చూస్తుంది. ఆ గీటురాయి షరతు వాక్యం. 'నువ్వు వస్తే వెళ్తాం' అన్న మూడు మాటల వాక్యాన్ని తెలుగు ఎలా నిర్మించుకుంది, ఫిన్నిష్ ఎలా నిర్మించుకుంది, ఆ రెండు నిర్మాణాలూ ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి అన్నవి ఇక్కడి ప్రశ్నలు. వీటికి ఈనాటి ప్రయోజనం కూడా ఒకటుంది. సింగపూర్‌లోని ఆంగ్ మో కియో వంటి పేటలో పెరిగే తెలుగు పిల్లలు ఇంటి గడప దాటగానే నాలుగు రకాల షరతు వాక్యాలను వింటారు. ఇంట్లో మనం ఐదవదాన్ని నేర్పాలి. దాన్ని ఏ వ్యాకరణం ప్రకారం నేర్పుతున్నామన్నది చివరికి ఆ పిల్లల నోట మిగిలే తెలుగును నిర్ణయిస్తుంది.

పోలికకు పుట్టుక

ద్రావిడ భాషలకు వేరే మూలం ఉందన్న మాట కాల్డ్వెల్ కంటే నలభై ఏళ్ళ ముందే ఒక తెలుగు వ్యాకరణంలో అచ్చయింది. 1816లో మద్రాసులో ఎ. డి. కాంప్‌బెల్ ప్రచురించిన తెలుగు వ్యాకరణానికి ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ రాసిన వివరణలో ఆ వాదం ఉంది. ఇక ద్రావిడ భాషలు సిథియన్ వర్గానికి చెందినవి కావచ్చునన్న సూచన తనకంటే ముందు డెన్మార్క్ పండితుడు రాస్మస్ రాస్క్ చేశాడని కాల్డ్వెల్ స్వయంగా చెప్పాడు. ఫిన్నిష్ భాషతో పరిచయం ఉండి, 1820ల తొలి ఏళ్ళలో భారతదేశానికి వచ్చిన రాస్క్‌కు ఆ రెండు ప్రపంచాల పోలిక తట్టడంలో వింత లేదు.

ఆ పోలికకు ఆధారాలు ఒట్టివి కావు. రెండుచోట్లా ప్రత్యయాలు మాట చివర ఒకదాని వెంట ఒకటి అతుక్కుంటాయి. విభక్తులు వెనకే వస్తాయి. మాటలో ఒక అచ్చు మరొక అచ్చును తన దారికి తెచ్చుకుంటుంది. అన్నింటికంటే ఆకర్షించేది వ్యతిరేక క్రియ. ఫిన్నిష్‌లో 'కాదు, లేదు' అనే అర్థం క్రియారూపం ధరించి పురుషను బట్టి మారుతుంది: ఎన్ (నేను), ఎత్ (నువ్వు), ఎయ్ (వాడు లేక ఆమె), ఎమ్మె (మేము), ఎత్తె (మీరు), ఎయ్వత్ (వారు). తెలుగువాడికి వెంటనే లేను, లేవు, లేడు, లేము, లేరు గుర్తొస్తాయి. ఇంగ్లీషు 'నాట్' కానీ సంస్కృత 'న' కానీ ఇలా పురుషను బట్టి మారవు. పందొమ్మిదో శతాబ్దపు తులనాత్మక పండితుడు ఇక్కడ చుట్టరికం వాసన పసిగట్టడం సహజమే.

తరువాతి తరాల వారు ఈ ఊహను ఆధునిక పద్ధతులతో పరీక్షించారు. టి. బరో 1940లలో తన ద్రావిడ అధ్యయనాల వరుసలో ఒక వ్యాసాన్ని ద్రావిడ, యురాలిక్ భాషల్లోని శరీరావయవాల పేర్లకే కేటాయించాడు. 1968లో స్టీఫెన్ టైలర్ పదజాల సాక్ష్యంతో అదే వాదాన్ని ముందుకు తెచ్చాడు. అయితే క్రమబద్ధమైన ధ్వని సంవాదాలు దొరకనిదే చుట్టరికాన్ని ఒప్పుకోలేమన్నది ప్రధాన స్రవంతి అభిప్రాయం. భద్రిరాజు కృష్ణమూర్తి 2003లో వెలువరించిన 'ద్రావిడ భాషలు' గ్రంథంలోనూ ఇటువంటి దూరపు బంధుత్వాలు నిరూపణ కానివిగానే మిగిలాయి.

ఈ చర్చలన్నీ ఎక్కువగా పదాల చుట్టూ, విడివిడి ప్రత్యయాల చుట్టూ సాగాయి. వాక్యాన్ని పట్టుకున్నవారు తక్కువ. ఒక భాష స్వభావం బయటపడేది మాత్రం చాలావరకు వాక్యంలోనే.

ఫిన్నిష్ ఏం చేస్తుంది

ఫిన్నిష్ షరతు వాక్యానికి రెండు పనిముట్లు ఉన్నాయి. ఒకటి 'యొస్' అనే అవ్యయం. అది ఉపవాక్యం మొదట నిలిచి 'ఇది షరతు' అని ప్రకటిస్తుంది. రెండవది '-ఇసి-' అనే ప్రత్యయం. ఇది ధాతువుకూ పురుష ప్రత్యయానికీ నడుమ చేరి, చెప్పే విషయం వాస్తవం కాదనీ, ఊహలో ఉన్నదనీ సూచిస్తుంది. 'వచ్చు' అనే అర్థమున్న క్రియకు 'తులెన్' అంటే వస్తాను, 'తులిసిన్' అంటే వచ్చేవాణ్ణి, లేదా వద్దును. తులిసిన్, తులిసిత్, తులిసి, తులిసిమ్మె, తులిసిత్తె, తులిసివత్ అని ఆరు రూపాలూ పురుషలను బట్టి మారతాయి.

మూడు మెట్ల మీద మూడు వాక్యాలు చూద్దాం.

యొస్ తులెత్, మెనెమ్మె: నువ్వు వస్తే వెళ్తాం.

యొస్ తులిసిత్, మెనిసిమ్మె: నువ్వు వస్తే వెళ్దుము (వస్తావన్న నమ్మకం లేదు).

యొస్ ఒలిసిత్ తుల్లుత్, ఒలిసిమ్మె మెన్నేత్: నువ్వు వచ్చి ఉంటే వెళ్ళి ఉండేవాళ్ళం (రాలేదు, వెళ్ళలేదు).

మొదటి వాక్యంలో షరతు నిజం కావచ్చు, అందుకే క్రియలు మామూలు నిశ్చయార్థంలో ఉన్నాయి. రెండవ దానిలో సందేహం చేరింది, '-ఇసి-' వచ్చింది. మూడవదానిలో కాలం దాటిపోయింది, '-ఇసి-' సహాయక్రియ మీదికి వెళ్ళింది. రెండు సంగతులు గమనించాలి. షరతు చెప్పే ఉపవాక్యంలోనూ క్రియ పురుష ప్రత్యయంతో, పూర్తి సమాపక క్రియగానే ఉంది. ఊహార్థ చిహ్నం రెండు ఉపవాక్యాల్లోనూ పడింది. ఊహ బరువును కారణమూ ఫలితమూ సమంగా పంచుకున్నాయి.

ఈ '-ఇసి-' షరతు దాటి మర్యాదలోకి కూడా వెళ్ళింది. కాఫీ కావాలని అడిగే ఫిన్లండువాసి 'హలుఅయిసిన్ కహ్వియా' అంటాడు. కోరికను ఊహగా మార్చి మెత్తబరుస్తాడు. 'నాకు తెలిసి ఉంటే ఎంత బాగుండేది' అనే పశ్చాత్తాపానికి 'ఒలిసిన్ప తియెన్నుత్' అంటే చాలు, 'యొస్' అక్కరలేదు. క్రియారూపమే ఆ పని చేస్తుంది.

చేదర్థకం: పేరులోని పరాధీనత

తెలుగు వ్యాకరణ సంప్రదాయం 'వచ్చినన్', 'వచ్చినచో', 'వస్తే' వంటి రూపాలను చేదర్థకం అంటుంది. సంస్కృతంలో 'చేత్' అంటే 'అయినచో'. చేత్ అనే అర్థాన్ని ఇచ్చేది చేదర్థకం. వరుసలోని మిగతా పేర్లూ ఇలాంటివే. 'క్త్వా' అర్థం ఇచ్చేది క్త్వార్థకం (వచ్చి), 'శతృ' అర్థం ఇచ్చేది శత్రర్థకం (వస్తూ), 'తుమున్' అర్థం ఇచ్చేది తుమర్థకం (రాను), 'అపి' అర్థం ఇచ్చేది అప్యర్థకం (వచ్చినను). తెలుగు క్రియకు తనదంటూ ఉన్న రూపాలన్నిటికీ 'సంస్కృతంలో దీనికి సమానం ఏది' అన్న ప్రశ్నకు జవాబుగా పేర్లు పుట్టాయి. పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణం ఈ పరిభాషకు బడి దాకా చేరే స్థిరత్వం ఇచ్చింది.

ఫిన్నిష్‌కూ ఇటువంటి బాల్యమే గడిచింది. ఆ భాషకు తొలి వ్యాకరణం 1649లో తుర్కు నగరంలో ఎస్కిల్ పెత్రేయస్ లాటిన్‌లో రాశాడు. లాటిన్ అచ్చులో ఫిన్నిష్‌ను పోసే ప్రయత్నమది. పెద్దల భాష గదుల్లో చిన్న భాష సామాను సర్దడం ఐరోపాలోనూ జరిగింది, ఆంధ్రదేశంలోనూ జరిగింది. 1814లో విలియం కేరీ, 1816లో కాంప్‌బెల్, 1840లో సి. పి. బ్రౌన్, 1873లో ఆర్డెన్ తెలుగుకు వ్యాకరణాలు రాసినప్పుడు ఇంకొక గదుల వరుస వచ్చి చేరింది. లాటిన్, ఇంగ్లీషు వ్యాకరణాల నుంచి నేర్చుకున్న విభాగాలు ఆ వరుసకు ఆధారం.

ఈ పేర్లు తప్పు కావు. కానీ చేదర్థకం అన్న పేరు ఒక ప్రమాదాన్ని దాచిపెట్టింది. సంస్కృత 'చేత్' ఒక విడి మాట. తెలుగు '-తే' క్రియలో అంతర్భాగం. మొదటిదాన్ని తీసి పక్కన పెట్టవచ్చు, రెండవదాన్ని పెట్టలేం. 'వస్తే'లోంచి 'తే' తీసేస్తే మిగిలేది మాట కాదు. ఫిన్నిష్‌లో విడి మాటగా 'యొస్', క్రియలో '-ఇసి-' రెండూ ఉన్నాయి. తెలుగులో ఉన్నది క్రియారూపం ఒక్కటే.

పాత తెలుగులో రెండు దారులు

ప్రాచీన తెలుగుకు షరతు చెప్పడానికి రెండు వేర్వేరు పద్ధతులు ఉండేవి. మొదటిది '-ఇనన్' చేర్చడం. వచ్చినన్ అంటే వస్తే. నేను వచ్చినన్, నీవు వచ్చినన్, వాడు వచ్చినన్: పురుషతో పని లేదు. ఇది అసమాపక క్రియ. ఒంటరిగా నిలబడలేదు, తరువాతి క్రియ మీద ఆనుకోవాలి.

రెండవ పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. పూర్తి సమాపక క్రియను తీసుకుని దాని చివర 'ఏని' తగిలిస్తారు. వచ్చితినేని (నేను వస్తే), వచ్చితివేని (నువ్వు వస్తే), వచ్చెనేని (వాడు వస్తే), వచ్చెదవేని (నువ్వు రాబోతే). ఇక్కడ పురుష ఉంది, కాలం కూడా ఉంది. ఫిన్నిష్ 'యొస్ తులెత్' నిర్మాణానికి తెలుగు ఎన్నడైనా దగ్గరగా వెళ్ళిందంటే ఇక్కడే. తేడా ఒక్కటే. ఫిన్నిష్ తన 'యొస్'ను వాక్యం మొదట నిలుపుతుంది, తెలుగు తన 'ఏని'ని చివర అంటిస్తుంది.

ఈనాటి '-తే' ఈ రెండవ దారిలోంచే, 'వచ్చితివేని' కుదించుకుపోయిన 'వచ్చితేని' వంటి రూపం నుంచి వచ్చిందని ఒక వివరణ చెబుతుంది. ఆ వివరణే సరైనదైతే, మనం నేడు 'వాడు వస్తే' అన్నప్పుడు ఆ '-తే'లో ఒకప్పటి 'నువ్వు' శిలాజంలా ఇమిడి ఉందన్నమాట. పురుష ఉన్న నిర్మాణం పురుషను పోగొట్టుకుని, మొదటి దారి స్వభావాన్ని ధరించింది. వచ్చిన దారి ఏదైనా, చేరిన చోటు మాత్రం స్పష్టం. ఆధునిక తెలుగు షరతులో పురుష లేదు.

మొదటి దారి పూర్తిగా మూతపడలేదు. 'వచ్చినా' అన్న మాటలో అది బతికే ఉంది. 'వచ్చినన్'కు సముచ్చయార్థక 'ఉ' చేరగా 'వచ్చినను', దాని నుంచి నేటి 'వచ్చినా'. కొత్త చేదర్థకం వచ్చి పాతదాన్ని గెంటేసినా, పాతదాని మీద కట్టిన అప్యర్థకం కదలకుండా ఉండిపోయింది. పొరుగున తమిళంలో 'వందాల్' (వస్తే), 'వందాలుం' (వచ్చినా) అన్న జంట ఇంకా ఒకే కుదురు మీద నిలిచి ఉంది. తెలుగులో ఆ జంట విడిపోయి రెండు శతాబ్దాల మాటలు ఒకే వాక్యంలో కూర్చుంటాయి: 'వస్తే మంచిదే, రాకపోయినా మంచిదే.'

లిఖిత భాష మూడవ దారి కూడా వేసుకుంది. వచ్చినచో, వచ్చిన యెడల, వచ్చిన పక్షంలో. 'చో' అంటే చోటు, 'ఎడ' అన్నా చోటే, 'పక్షం' అంటే వైపు. 'సొమ్ము చెల్లించని యెడల' అని ప్రామిసరీ నోటు హెచ్చరించినప్పుడు అక్షరాలా చెబుతున్నది చెల్లించని చోటు గురించి. షరతును తెలుగు ఒక స్థలంగా, అందులోకి అడుగుపెట్టగల ప్రదేశంగా ఊహించింది.

ఇంకా వెనక్కి, శాసనాల దాకా వెళితే, షరతు రూపం లేని షరతులు కనిపిస్తాయి. దానశాసనాల చివరి శాపవాక్యాల ధోరణి మనకు తెలిసిందే: ఈ ధర్మాన్ని చెరిపినవాడు పంచమహాపాతకాలు చేసినవాడవుతాడు. 'చెరిపితే' అనకుండా 'చెరిపినవాడు' అంటుంది శాసనం. అర్థం షరతే, రూపం విశేషణం. షరతు చెప్పడానికి భాషకు 'ఇఫ్' వంటి మాటే ఉండి తీరాలన్న నమ్మకానికి ఇంతకంటే పాత సమాధానం తెలుగులో దొరకదు.

'వస్తే': ఊహా? జరిగినదా?

ఫిన్నిష్‌లో 'యొస్' వేరు, 'కున్' వేరు. యొస్ అంటే 'అయితే', కున్ అంటే 'అప్పుడు'. తెలుగు '-తే' రెండింటి పనీ చేస్తుంది. 'రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా' అన్నప్పుడు అది షరతు. 'తంతే బూరెల బుట్టలో పడ్డట్టు' అన్నప్పుడు తన్నడం అప్పటికే జరిగిపోయింది. 'ఇంటికెళ్ళి చూస్తే తాళం వేసి ఉంది' అన్న వాక్యంలో సందేహానికి చోటే లేదు. వెళ్ళాడు, చూశాడు, తాళం ఉంది.

కనుక '-తే' అసలు అర్థం సందేహం కాదనిపిస్తుంది. ఒక సంఘటన మీద మరొక సంఘటన ఆనుకుని ఉందని మాత్రమే అది చెబుతుంది. మొదటిది జరిగిందా, జరగబోతోందా, జరగదా అన్నది తరువాతి క్రియ తేలుస్తుంది. సందేహాన్ని విడిగా, ముందుగానే చెప్పాలనుకున్నప్పుడు 'ఒకవేళ' తెచ్చుకుంటాం. అది వ్యాకరణం విధించిన అవసరం కాదు, వక్త ఎంచుకున్న ఊనిక.

ఈ ఆనుకునే స్వభావం వల్లనే '-తే' రూపాలు వాక్యాలను కలిపే మాటలుగా స్థిరపడ్డాయి. 'అయితే' మొదట 'అది జరిగితే', తరువాత 'కానీ' అన్న అర్థం. 'అంటే' మొదట 'అని పలికితే', ఇప్పుడు వివరణకు ముందుమాట. 'లేకపోతే' ప్రత్యామ్నాయం. 'ఎందుకంటే' విప్పి చూస్తే 'ఎందుకు అని అడిగితే': ప్రశ్న వేసుకుని జవాబు చెప్పే పద్ధతి కారణవాచకమైంది. ఈ వ్యాసంలోనే ఎన్ని వాక్యాలు 'అయితే'తో నడిచాయో లెక్కపెడితే, తెలుగు వచనం చేదర్థకం లేకుండా నాలుగడుగులు కూడా వేయలేదని తేలుతుంది.

జరగనివాటి వ్యాకరణం

ఇప్పుడు ఫిన్నిష్ మూడు మెట్లను తెలుగులో మళ్ళీ ఎక్కుదాం. 'నువ్వు వస్తే వెళ్తాం.' 'నువ్వు వస్తే వెళ్ళేవాళ్ళం.' 'నువ్వు వచ్చి ఉంటే వెళ్ళి ఉండేవాళ్ళం.' మొదటి రెండు వాక్యాల్లో షరతు భాగం ఒక్కటే: 'నువ్వు వస్తే.' అక్షరం మారలేదు. మార్పు అంతా ప్రధాన క్రియలో జరిగింది. ఫిన్నిష్ ఊహ బరువును రెండు భుజాల మీదా మోస్తుంటే, తెలుగు దాన్ని చివరి క్రియ మీద దింపుతుంది. వాక్యం పూర్తయ్యే దాకా విన్నవాడికి అది ఆశో, పశ్చాత్తాపమో తెలియదు.

రెండవ వాక్యంలో మరొక విశేషం ఉంది. 'నువ్వు వస్తే వెళ్ళేవాళ్ళం' అన్నది 'నువ్వు వచ్చినప్పుడల్లా వెళ్తూ ఉండేవాళ్ళం' అనే పాత అలవాటు కూడా కావచ్చు. జరుగుతూ ఉండినదీ, జరగకుండా పోయినదీ తెలుగులో ఒకే రూపం ధరిస్తాయి. తెలంగాణ మాటలోనూ 'నువ్వొస్తే పోతుంటిమి' అన్నది అలవాటుకూ, జరగనిదానికీ రెంటికీ పనికొస్తుంది. ప్రత్యయం వేరు, తర్కం ఒకటే. ఇంగ్లీషు 'వుడ్' కూడా ఇలాగే రెండు పనులు చేస్తుంది. ఫిన్నిష్ 'మెనిసిమ్మె'కు మాత్రం 'వెళ్తూ ఉండేవాళ్ళం' అనే అర్థం రాదు. ఈ ఒక్క అంశంలో తెలుగు ఫిన్నిష్ కంటే ఇంగ్లీషుకు దగ్గరగా నిలిచింది.

వ్యతిరేకంలో రెండు భాషలూ ఒక్క క్షణం దగ్గరై మళ్ళీ విడిపోతాయి. ఫిన్నిష్‌లో 'ఎన్ తులిసి' అంటే 'నేను రాకపోదును'. పురుష వ్యతిరేక క్రియ 'ఎన్' మీద, ఊహార్థం 'తులిసి' మీద. తెలుగులో లేను, లేవు, లేడు అని ప్రధాన వాక్యంలో పురుషను బట్టి మారే వ్యతిరేకం, షరతులోకి రాగానే పురుషను వదిలేస్తుంది. నేను రాకపోతే, నువ్వు రాకపోతే, వారు రాకపోతే. తెలంగాణలో రాకుంటే. కాల్డ్వెల్ నాటి పోలికల్లో అత్యంత ఆకర్షణీయమైనది షరతు వాక్యపు గడప దగ్గరే ఆగిపోతుంది.

పోలిక వేరు, చుట్టరికం వేరు

ఇక్కడ సంస్కృతాన్ని సాక్షిగా పిలవాలి. పాణిని క్రియాతిపత్తి అని, అంటే క్రియ జరగకుండా పోవడమని, ఒక అర్థాన్ని గుర్తించి దానికి లృఙ్ లకారాన్ని విధించాడు. 'మంచి వానలు కురిసి ఉంటే పంటలు పండి ఉండేవి' వంటి అర్థంలో సంస్కృతం రెండు ఉపవాక్యాల్లోనూ లృఙ్ రూపాలు వాడుతుంది. రెండింటా పురుష ఉంటుంది. షరతును సూచించే విడి అవ్యయం, యది కానీ చేత్ కానీ, ఉంటుంది. అంటే ఫిన్నిష్ '-ఇసి-' నిర్మాణమూ, సంస్కృత లృఙ్ నిర్మాణమూ ఒకే నమూనా. ఫిన్నిష్, సంస్కృతం చుట్టాలని ఇంతమాత్రాన ఎవరూ అనరు. ఒకటి యురాలిక్, ఒకటి ఇండో-యూరోపియన్.

చుట్టరికం లేని రెండు భాషలు షరతు వాక్యంలో ఇంతగా కలిసినప్పుడు, చుట్టరికం ఉందన్న రెండు భాషలు అదే వాక్యంలో ఇంతగా విడిపోయినప్పుడు, నిర్మాణ సామ్యాన్ని బంధుత్వానికి రుజువుగా తీసుకోలేమన్నది స్పష్టం. ప్రత్యయాలు అతికించే పద్ధతి, వెనక వచ్చే విభక్తులు, మారే వ్యతిరేక క్రియ, ఇవన్నీ భాషలు వేర్వేరుగా చేరుకోగల మజిలీలు. షరతు వాక్యం బంధుత్వం లేదని నిరూపించదు, ఎందుకంటే చుట్టాలు కూడా కాలక్రమంలో వేర్వేరు ఇళ్ళు కట్టుకుంటారు. అది నిరూపించేది ఇంతే: పైపోలికలతో కట్టిన వాదం లోపలి గదుల్లోకి వెళ్ళగానే నిలవదు.

ఆంగ్ మో కియో పేరే ఇందుకు ఒక చక్కని ఉదాహరణ. హొక్కియెన్ చైనీస్‌లో 'ఆంగ్ మో' అంటే ఎర్ర జుట్టు, అంటే ఐరోపావాడు. 'కియో' అంటే వంతెన అని కొందరు, వంకాయ అని కొందరు. మొదటిదైతే దొర కట్టించిన వంతెన. రెండవదైతే దొరల వంకాయ, అంటే టమాటా, మనం సీమచింత అన్న పద్ధతిలో. ధ్వని ఒకటే, మూలాలు రెండు. నేటి చైనీస్ లిపిలో రాసే పేరు 'ఆంగ్ మో' అన్న భాగానికి ఎర్ర జుట్టు కాకుండా వేరే శుభార్థం ఇచ్చే అక్షరాలను ఎంచుకుంది. వినబడే పోలిక చరిత్రను చెప్పదు. చరిత్రను విడిగా తవ్వుకోవాలి.

ఆంగ్ మో కియోలో నాలుగు షరతులు, ఇంట్లో ఐదవది

1970లలో ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కట్టడం మొదలుపెట్టిన ఈ పేటకు 1987 నవంబరు 7న, సింగపూర్ మెట్రో తొలి మార్గంతో పాటే, రైలు వచ్చింది. స్టేషన్ పేరు ఇంగ్లీషు, చైనీస్, తమిళ లిపుల్లో కనిపిస్తుంది. దేశానికి అధికార భాషలు నాలుగు: మలయ్, మాండరిన్, తమిళం, ఇంగ్లీషు. ఇక్కడ పెరిగే పిల్లల చెవిన ఆ నాలుగింటి షరతులూ పడతాయి.

మలయ్‌లో 'కలౌ' అన్న మాట ముందు పెడితే చాలు, క్రియ మారదు. మాండరిన్‌లో 'రూక్వో' చెప్పవచ్చు, మానవచ్చు. రెండవ భాగంలో 'జ్యో' ఉంటే షరతు అర్థమైపోతుంది. సింగపూర్ వాడుక ఇంగ్లీషు ఈ రెంటి ప్రభావంతో 'ఇఫ్'ను తరచు వదిలేస్తుంది: 'యూ కమ్, ఐ గో' అంటే నువ్వు వస్తే నేను వెళ్తాననే. తమిళం మాత్రం 'వందాల్' అంటుంది. అది తెలుగు 'వస్తే'కు అచ్చమైన తోడు: పురుష లేని, ప్రధాన క్రియ మీద ఆనుకునే అసమాపక రూపం.

సింగపూర్ బడుల్లో మాతృభాష ఒక తప్పనిసరి పాఠ్యాంశం. భారతీయ విద్యార్థులకు తమిళంతో పాటు హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ నేర్చుకునే వీలుంది. ఈ జాబితాలో తెలుగు లేదు. కాబట్టి తెలుగు పిల్లలు బడిలో చాలావరకు తమిళమో హిందీయో మాతృభాషగా చదువుతారు. తెలుగు నేర్పే బాధ్యత ఇంటి మీద, 1975లో ఏర్పడిన సింగపూర్ తెలుగు సమాజం వంటి సంఘాల మీద పడుతుంది.

ఈ పరిస్థితిలో చేదర్థకం పాఠం ఎలా మొదలుపెడతామన్నది చిన్న విషయం కాదు. 'ఇఫ్ అంటే ఒకవేళ' అని మొదలుపెడితే, బిడ్డ ఒక విడి మాట కోసం వెతుకుతాడు. ఇంగ్లీషు 'ఇఫ్', హిందీ 'అగర్', మలయ్ 'కలౌ' సరసన 'ఒకవేళ'ను కూర్చోబెడతాడు. 'ఒకవేళ నువ్వు వస్తావు, నేను కూడా వస్తాను' అన్న వాక్యం అక్కడ పుట్టడం సహజం. అది తెలుగు మాటలతో కట్టిన వేరే భాషా వాక్యం. పేరు మారినా చేత్ నాటి చిక్కే ఇది. తెలుగు క్రియలో ఉన్నదాన్ని తెలుగు వెలుపల ఒక మాటలో వెతకడం.

మరో మార్గం ఉంది. మాటతో కాకుండా క్రియతో మొదలుపెట్టడం. ఆకలేస్తే చెప్పు. వాన పడితే గొడుగు తీసుకెళ్ళు. నిద్రొస్తే పడుకో. ఇందులో 'ఇఫ్' ప్రస్తావనే అక్కరలేదు. తమిళం చదివే పిల్లలకు 'వందాల్, వస్తే', 'వందాలుం, వచ్చినా' అని జతచేసి చూపితే, బడి భాష ఇంటి భాషకు అడ్డంకి కాకుండా ఆసరా అవుతుంది. హిందీ చదివే పిల్లలకు 'అగర్' లేకుండా వాక్యం నడుస్తుందని ముందే చెప్పాలి. పై తరగతుల్లో ప్రధాన క్రియను మారుస్తూ పోవాలి: వస్తే వెళ్తాం, వస్తే వెళ్ళేవాళ్ళం, వచ్చి ఉంటే వెళ్ళి ఉండేవాళ్ళం. కృష్ణమూర్తి, గ్విన్ 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణమూ, చేకూరి రామారావు 1975 నాటి 'తెలుగు వాక్యం'లో తెలుగు వాక్యాన్ని దాని నిర్మాణం నుంచే పరిశీలించిన తీరూ ఇటువంటి బోధనకు బలమైన పునాదులు. ఆ పునాదుల మీద విదేశీ తెలుగు బడుల పాఠ్యపుస్తకాలు ఇంకా లేవాల్సి ఉంది.

కాల్డ్వెల్ ఫిన్నిష్ వైపు చూసింది తెలుగు తదితర భాషలకు గౌరవప్రదమైన చుట్టాలను వెతకడానికి. ఆ చుట్టరికం తేలలేదు. అయినా ఆ చూపు వృథా కాలేదు. ఫిన్నిష్ అద్దంలో చూసుకున్నప్పుడు తెలుగు షరతు వాక్యం సంస్కృతపు నీడలోంచీ, ఇంగ్లీషు నీడలోంచీ బయటికి వచ్చి తన రూపంతో కనిపిస్తుంది: పురుషను వదిలి, సందేహాన్ని చివరి దాకా దాచి, ఒక సంఘటనను మరొకదానికి ఆనించి నిలబెట్టే రూపం. దాన్ని ఆ రూపంలోనే నేర్పితే పిల్లలకు అందుతుంది.